పబ్లిక్ హెల్త్ డిగ్రీకి తొమ్మిది లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. మా పాప బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్సీ పబ్లిక్ హెల్త్ ఉందని, డబ్ల్యూహెచ్‌వోలో ఉద్యోగాలు వస్తాయని ఏజెంటు చెబుతున్నాడు. హాస్టల్‌తో కలిపి తొమ్మిది లక్షలు. బీఎస్సీ నర్సింగ్ కంటే ఇది నయమా? పెట్టింది తిరిగొస్తుందా? పాపను అడిగితే ‘నీ ఇష్టం నాయనా’ అంటోంది.

జవాబు: అన్నా, నీట్ ఫలితాలు వచ్చిన నెలలో ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. కోర్సు పేరే మారుతుంటుంది. కరోనా తర్వాత ఆ పేరు పబ్లిక్ హెల్త్ అయింది. మీరు అడిగింది డబ్బు గురించే, కానీ పాప డాక్టరు కాలేదన్న బాధ మీ ఉత్తరమంతా ఉంది. 20 లక్షల మందికి పైగా రాసే పరీక్షలో సీటు రాని పిల్లలే ఎక్కువ. మీ పాప దేనిలోనూ వెనకబడిపోలేదు. ఆ వయసులో ఒక ఏడాది నిదానంగా ఆలోచించుకున్నా కొంప మునగదు. ఈ టెన్షన్‌లో సీటు కొనడమే ప్రమాదం.

పబ్లిక్ హెల్త్ అనే రంగం మీద నాకు ఎంతో గౌరవం. 2014లో మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారంటే అది ఈ రంగంలో పనిచేసినవాళ్ల వల్లే. రోజూ వేల మంది యాత్రికులు దిగే తిరుపతిలో మంచినీళ్లు, తిండి, డెంగీ దోమల సంగతి చూసేదీ ఈ పనే. నా అనుమానమంతా దీన్ని మొదటి డిగ్రీగా చదవడం మీద. ఈ రంగంలో ఎదిగే ఉద్యోగాలకు ఎక్కువగా అడిగేది ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ డిగ్రీ), లేదంటే ఎంబీబీఎస్ మీద పీజీ. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1997 నుంచీ ఎంపీహెచ్ ఉంది. అమెరికాలో కూడా ఎపిడెమియాలజిస్ట్, అంటే జబ్బులు ఎలా వ్యాపిస్తాయో పరిశోధించే నిపుణులు, కావాలంటే మామూలుగా మాస్టర్స్ ఉండాల్సిందే. ఆ ఎంపీహెచ్‌కి నర్సింగ్, డెంటల్, ఆయుర్వేదం చదివినవాళ్లు కూడా వెళ్తున్నారు. తోట ఉన్నవారు, మీకు తెలియనిది కాదు: టెంక మొక్క గట్టిగా ఉంటేనే దాని మీద అంటు నిలుస్తుంది. మొదటి డిగ్రీ టెంక మొక్క, ఎంపీహెచ్ అంటు.

ఒట్టి బీఎస్సీ పబ్లిక్ హెల్త్‌తో మన ప్రాంతంలో ఏం దొరుకుతుంది? టీబీ కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ పోస్టు ఉంది. దానికి ఏదైనా డిగ్రీ, కంప్యూటర్ సర్టిఫికెట్, టూవీలర్ లైసెన్స్ ఉంటే చాలు. తిరుపతిలో ప్రభుత్వ కాలేజీలో మామూలు బీఎస్సీ చదివినా ఆ పోస్టుకు అర్హత ఉంటుంది. దానికోసం తొమ్మిది లక్షలు ఎందుకు? ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉద్యోగమైతే బీఎస్సీ నర్సింగ్ అడుగుతారు. నెలకు 25 వేలు, పైన ఇన్సెంటివ్. అదీ కాంట్రాక్టే, కాకపోతే ఆ అమ్మాయి చేతిలో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ కాంట్రాక్టు పోయినా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వేలూరు సీఎంసీ ఆసుపత్రికో దరఖాస్తు పెట్టుకోగలదు.

ఇక అప్పు సంగతి. తొమ్మిదిలో ఏడున్నర లక్షలు బ్యాంకులో తీసుకుంటే, 11 శాతం వడ్డీకి, పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300 కట్టాలి. చదివే నాలుగేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. ఈ డిగ్రీతో నేను చూసిన పిల్లలకు మొదటి జీతం 15 నుంచి 20 వేల మధ్య వస్తోంది. గది అద్దె, తిండి పోగా వాయిదా కట్టేది ఎవరు? మీరే. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీ ఇచ్చే ఎనిమిదికి ప్రభుత్వం నాలుగు కలిపితే గానీ కిలో 12 రూపాయలు కాలేదు. అలాంటి ఏడాది మళ్లీ వస్తే?

డబ్ల్యూహెచ్‌వో అన్న ఏజెంటును, ఆ యూనివర్సిటీలో ఈ బీఎస్సీ చదివి అక్కడ ఉద్యోగంలో చేరినవాళ్లను ఒక్కరిని చూపించమనండి. అంతర్జాతీయ సంస్థలకు డబ్బిచ్చే అమెరికా యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది. దాని నిధులతో నడిచే పనులు మన దేశంలోనూ ఆగిపోయాయి. ‘తర్వాత అమెరికాలో ఎంపీహెచ్ చేయిస్తాం’ అనే మాటా జాగ్రత్తగా వినండి. అక్కడ ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య రంగంలో వాడే స్టాటిస్టిక్స్) స్టెమ్ జాబితాలో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉన్నాయి, చదువు తర్వాత మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంది. జనరల్ పబ్లిక్ హెల్త్ ఆ జాబితాలో లేదు, దానికి ఒక్క ఏడాదే. పాపకు లెక్కలంటే భయం లేకపోతే స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ చదివి అటు వెళ్లడం చాలా మేలు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ‘నీ ఇష్టం నాయనా’ అన్న మాటను మీరు ఒప్పుకోలుగా రాశారు. రెండుసార్లు నీట్ పోయిన పిల్ల ఇంట్లో ఇంకేం అనగలదు? ఉత్తరంలో ఫీజు ఉంది, ఏజెంటు ఉన్నాడు, పాపకు ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. బంధువులకు చెప్పుకోవడానికి ‘హెల్త్’ అన్న మాట ఉన్న కోర్సు కావాలనుకోవడం ఆమెకు అన్యాయం. నర్సింగ్ కూడా నేను చెప్పానని చేర్పించొద్దు. రాత్రి డ్యూటీలు, రక్తం, రోగుల కోపం, అన్నీ ఉంటాయి అందులో.

మీ ఊరి ఏఎన్‌ఎంను అడిగి, ఒక వారం పాపను ఆమె వెంట ఇళ్లకు, టీకాల రోజుకు పంపండి. పల్లెల్లో తిరిగే ఆ పని నచ్చిందో, క్లినిక్‌లో రోగిని చూసుకోవడం నచ్చిందో, రెండూ వద్దనుకుందో తనే చెబుతుంది. ఆ తర్వాత ఆమెను ఒక్కదాన్నే తిరుపతిలో నా దగ్గరకు పంపండి, మాట్లాడతాను. అంతవరకు సీటు అడ్వాన్స్ అంటూ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.