ఆటోమేటిక్ కారులో గేరు మార్చేది ఆయిలా, కంప్యూటరా?

మీ పాత ఆటోమేటిక్ కారు ఉన్నట్టుండి ఒకే గేరులో ఉండిపోతోందని, ఒక మెకానిక్ ఆయిల్ అంటే ఇంకొకరు కంప్యూటర్ అంటున్నారని, అసలు గేరు మార్చేది ఏదని అడిగారు. మార్చేది ఆయిలే. ఎప్పుడు మార్చాలో చెప్పేది కంప్యూటర్. ఈ తేడా తెలియక నేను గేర్‌బాక్స్ మొత్తం మార్పించేయబోయాను.

మాది విజయనగరం. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, నాలుగు గేర్లు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న రకం. వానాకాలంలో కోరాపుట్ వెళ్తూ సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే ఒక్క కుదుపు కుదిపింది. డ్యాష్‌బోర్డు మీద లైటు కొట్టుకోవడం మొదలైంది. ఆపి మళ్లీ కదిలిద్దామంటే ఇంజిన్ మూలుగుతోంది గానీ బండి ఎక్కదు. "ఏటైంది బావా, లాగట్లేదేటి?" అంటాడు మా బావమరిది. ఎలాగో వెనక్కి తిప్పుకుని ఊరు చేరాం.

ఊళ్లో చూపిస్తే బాక్సు పోయింది, మార్చాల్సిందే అన్నారు. మనసొప్పక శ్రీకాకుళంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు రివర్స్ వేశాడు. బండి గట్టిగా వెనక్కి లాగింది. "బాబూ, పెట్టె ఇప్పకండి. ఆయిలు బలంగానే ఉంది. తీగ సూద్దాం" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే లోపల జరిగేది తెలియాలి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఒక పంపు ఆయిల్‌ని ఒత్తిడితో తోస్తుంటుంది. టార్క్ కన్వర్టరే దాన్ని తిప్పుతుంది. ఇంజిన్ ఆగితే ఒత్తిడి లేదు, అందుకే ఈ బళ్లను తోసి స్టార్ట్ చేయలేం. ఆ ఆయిల్ వాల్వ్ బాడీకి చేరుతుంది. అది చీమల పుట్టలా సన్నని దారులు తొలిచిన అల్యూమినియం దిమ్మ. దారుల మధ్య చిన్న కడ్డీల్లాంటి స్పూల్ వాల్వులు అటూ ఇటూ జరుగుతాయి. ఒక దారి తెరుచుకుంటే ఆయిల్ వెళ్లి పిస్టన్‌ని నొక్కుతుంది, పిస్టన్ ఒక క్లచ్ పళ్లేల కట్టను బిగిస్తుంది, గేరు పడుతుంది.

మన గొట్టా బ్యారేజీ కాలవలు చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. పొలం తడిపేది నీళ్లు. లస్కరు షట్టరు ఎత్తుతాడంతే. ఎప్పుడు ఎత్తాలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కబురు పెడతారు. ఇక్కడ నీళ్లు ఆయిల్, లస్కరు సోలెనాయిడ్ (కరెంటు అందితే ఆయిల్ దారి తెరిచి మూసే చిన్న భాగం), ఏఈ గారు ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే మనం చెప్పుకున్న కంప్యూటర్.

పాతకాలంలో ఏఈ గారు లేరు. 1939లో వచ్చిన హైడ్రామాటిక్ నుంచి కొన్ని దశాబ్దాలు అంతా ఆయిలే చూసుకుంది. బండి వేగం పెరిగేకొద్దీ గవర్నర్ అనే భాగం నుంచి ఒత్తిడి పెరుగుతుంది. పెడల్ తొక్కేకొద్దీ ఎదురుగా ఇంకో ఒత్తిడి పెరుగుతుంది. షిఫ్ట్ వాల్వ్‌కి ఇటొకటి, అటొకటి, స్ప్రింగు తోడు. వేగం వైపు గెలిస్తే పై గేరు. గట్టిగా తొక్కితే అది గెలవడానికి ఆలస్యమవుతుంది, కింది గేరే ఎక్కువసేపు లాగుతుంది. కంప్యూటర్ లేకుండా ఇంత ఆలోచించిన ఆ ఇంజినీర్లంటే నాకెంతో గౌరవం.

తర్వాత ఆ రెండు ఒత్తిళ్ల స్థానంలో సెన్సార్లు వచ్చాయి. లోపలికి వచ్చే షాఫ్టు వేగం, బయటికి వెళ్లే షాఫ్టు వేగం, పెడల్, ఆయిల్ వేడి చూసి మాడ్యూల్ సోలెనాయిడ్లకు కరెంటిస్తుంది. కొన్ని ఉత్త ఆన్-ఆఫ్. లైన్ ప్రెషర్, అంటే పంపు నుంచి వచ్చే ఆయిల్ అసలు ఒత్తిడి, చూసే సోలెనాయిడ్‌కి మాత్రం కరెంటుని క్షణానికి ఎన్నోసార్లు వేసి తీస్తూ, కొలిచి పోసినట్టు ఒత్తిడి సరిచేస్తుంది. గేరు మెత్తగా పడేది అందువల్లే.

కరెంటు వైపు తప్పు కనబడితే మాడ్యూల్ సోలెనాయిడ్లన్నీ ఆపేస్తుంది. అప్పుడు ఆయిల్ దానంతటది ఒకే దారిన పోతుంది. మా బాక్సులో అది మూడో గేరు, ఘాట్‌లో బండి ఎక్కనిది అందుకే. మీదాంట్లో వేరే కావచ్చు. ఒత్తిడి కూడా గరిష్ఠానికి వెళ్తుంది, అందుకే గేరు వేస్తే దబ్బుమంటుంది. రివర్స్ మాత్రం మన లీవరుకి నేరుగా తగిలించిన మాన్యువల్ వాల్వ్ మీదుగా పోతుంది కాబట్టి పనిచేస్తుంది. పెద్దాయన చూసింది అదే.

స్కానర్ పెడితే పి0753 వచ్చింది, ఒక షిఫ్ట్ సోలెనాయిడ్ కరెంటు లోపం. బాక్సు పక్కనున్న కనెక్టర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. నీళ్లు దిగాయి. మల్టీమీటర్‌తో బాక్సు వైపు సోలెనాయిడ్ నిరోధం కొలిస్తే 13 ఓమ్‌లు. ఇలాంటి ఆన్-ఆఫ్ సోలెనాయిడ్లకు మామూలుగా 11 నుంచి 15 ఉంటుంది, అంటే అది బాగానే ఉంది. పిన్ను శుభ్రం చేసి, కొత్త రబ్బరు సీలు వేసి, కోడ్ చెరిపేశాడు. తర్వాతి నెల అదే ఘాట్ ఎక్కి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లొచ్చాం.

మీరూ ముందు రివర్స్ చూడండి. బాగా లాగితే కోడ్ చదివించి, కనెక్టరు, వైరింగు చూపించండి. ముందుకీ వెనక్కీ రెండింటా జారుతుంటే ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు వైపు అనుమానం. ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ పళ్లేలు కాలినట్టే, అప్పుడు పెట్టె ఇప్పక తప్పదు. మీది ఏఎంటీ అయితే మాత్రం ఇదంతా వర్తించదు. అందులో ఉండేది మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్‌ని, గేర్లని మన బదులు యాక్చుయేటర్ కదుపుతుంది. మోడలు, కోడు రాస్తే నాకు తెలిసినంత చెబుతాను.