దీపం ఏ కొండెక్కింది? హోమ్‌బ్రూ రాసే తమ్ముడికి ఒక లేఖ

పద్మారావునగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

తమ్ముడికి,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు సొంతంగా అల్లి పంపిన హోమ్‌బ్రూ లోకం, 38 పేజీలూ చదివాను. ఒకరు లోకాన్ని రాసి నడిపిస్తే, మిగతావాళ్ళు టేబుల్ చుట్టూ కూర్చుని, అందులో పాత్రలై, డైస్ వేస్తూ ఆడే ఆట కదా ఇది. సగం మెట్రోలో, సగం ఇంట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ. "మొహమాటం లేకుండా చెప్పక్కా" అన్నావు కాబట్టి చెప్తున్నా. మొదటి తొమ్మిది పేజీల్లో ఏడు రాజవంశాలున్నాయి. మూడో వంశం దగ్గరికి వచ్చేసరికే ఎవరు ఎవరి బావమరిదో నాకు గుర్తులేదు. నీ టేబుల్ దగ్గర కూర్చునే నలుగురికి ఆ బాధ కూడా ఉండదు. వాళ్ళసలు ఆ పేజీలు తెరవరు.

కానీ 27వ పేజీలో, ఊళ్ళ పట్టిక మధ్యలో, ఒక మాట రాసి వదిలేశావు. ఈ రేవులో పడవవాడు డబ్బు తీసుకోడు, ఒక పేరు తీసుకుంటాడు. ఎవరి పేరు ఇస్తే ఆ మనిషిని ఇక నువ్వు గుర్తుపట్టలేవు. అది చదువుతుండగా నా స్టేషన్ దాటిపోయింది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాల్సినదాన్ని, మెట్టుగూడలో దిగి వెనక్కి వచ్చాను. నీ మిగతా 37 పేజీలూ నన్ను ఏ స్టేషన్‌లోనూ దిగకుండా ఆపలేదు.

రాజవంశాల్ని వినడం తప్ప ఆటగాడు చేసేదేమీ లేదు. పడవవాడి ముందు మాత్రం ఊరికే నిలబడలేడు. అమ్మ పేరు ఇవ్వడు. శత్రువు పేరు ఇద్దామంటే, రేపు ఆ శత్రువే స్నేహితుడిలా వచ్చి పక్కన కూర్చుంటే? ఒకడు తెలివిగా కుక్క పేరు ఇస్తానంటాడు. అప్పుడు మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు. అలా తిట్టుకుంటున్నారంటే నీ రాత పనిచేస్తున్నట్టే. నువ్వూ నేనూ కథలు రాయడం నేర్చుకుని ఈ ఆటలోకి వచ్చాం. చిక్కంతా అక్కడే. కథలో ఎవరు ఏం చేయాలో మనమే తేలుస్తాం. ఇక్కడ మనం రాసేది, ఎదుటివాడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పని ఒక చోటు. అక్కడిదాకా తెచ్చి కలం మూసెయ్యాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తా. మొదట్లో గోల్కొండను చూసి ఒక కోట రాశాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఎక్కడో పైన బాలా హిస్సార్‌లో వినబడుతుంది కదా, దాన్నే తాళంచెవి చేశాను. కింద గేటు దగ్గర చప్పట్లు కొడితే పైనున్న తలుపు తెరుచుకుంటుంది. నాకెంత గర్వమో! ఆడే ఐదుగురూ హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళే. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో ఆ గేటు కింద నిలబడి చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టినవాళ్ళే. అయినా రెండు గంటలపాటు ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. గోడ తవ్వారు. తాడు వేశారు. ఒకడు మేకను కొనుక్కొచ్చాడు, ఎందుకో ఇప్పటికీ తెలీదు. చివరికి నేనే తట్టుకోలేక కాపలావాడి చేత చప్పట్లు కొట్టించాను. తలుపు తెరుచుకుంది, ఎవరూ సంతోషించలేదు.

ఆ రాత్రి ఇంటికొస్తూ వాళ్ళను తిట్టుకున్నాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఒక్క జవాబు పెట్టుకుని, అది వాళ్ళ నోట రావాలని కూర్చున్నాను. ఇప్పుడైతే, వాళ్ళకు తెలిసి తీరాల్సిన ప్రతి సంగతికీ మూడు చోట్ల ఆధారం పెడతాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఈ ఆటవాళ్ళంతా చెప్పుకునే మాటే. అది చాలక, నేను అనుకోని దారిలో తలుపు తెరుచుకున్నా ఒప్పుకుంటాను. మేకతో తెరిచినా సరే.

ఇక ఊహ ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగావు. 1974లో వచ్చిన ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్, దుకాణంలో దొరికే చౌక ప్లాస్టిక్ బొమ్మల్ని చూసి కొన్ని జంతువుల్ని పుట్టించాడు. గుడ్లగూబ తల ఉన్న ఎలుగుబంటి అందులోదే. రస్ట్ మాన్‌స్టర్ కూడా. ఇనుమును తుప్పుపట్టించి తినే ఆ పురుగును ఒకసారి జాగ్రత్తగా చూడు. కొరికితే పెద్ద దెబ్బేమీ తగలదు. కానీ దాన్ని చూడగానే నిలువెల్లా ఇనుప కవచం తొడుక్కున్న యోధుడు వెనక్కి పరిగెడతాడు, చేతికర్ర తప్ప ఏమీ లేని మంత్రగాడు ముందుకొస్తాడు. రోజూ ఉండే వరస ఒక్క క్షణంలో తారుమారు. నీ 14 రాక్షసుల్లో పన్నెండింటికి ఒంటి రంగే తేడా, చేసే పని ఒకటే.

రాక్షసులంటే గుర్తొచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళ పుస్తకంలో రాక్షసుడు పులి తలతో, వెనక్కి తిరిగిన అరచేతులతో ఉంటాడు. దాని మీద నీకు కోపం వచ్చి, "అసలైన రాక్షసుడు" అని నాలుగు పేజీలు రాశావు. కోపం తీరింది కదా, ఇక వాటిని తీసెయ్. వాళ్ళను సరిదిద్దడానికి రాస్తే మళ్ళీ వాళ్ళ గురించే రాసినట్టు. నీ ఇంట్లో ఉన్నదేంటో చూడు.

మా ఇంట్లో ఉన్నది ఒక మాట. దీపం ఆరిపోయింది అంటే మా నానమ్మ ఊరుకునేది కాదు. "కొండెక్కింది అనవే" అని కసిరేది. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. ఒక ఆటలో ఊరి గుడి వర్ణిస్తూ, ఏదో వాతావరణం కోసం, పూజారి చేత "దీపం కొండెక్కిందయ్యా" అనిపించాను. మా మేనకోడలు దొంగ పాత్ర ఆడుతోంది. తలెత్తి, "ఏ కొండ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మంచినీళ్ళు తాగాను. "ఊరికి తూర్పున" అన్నాను. ఆ ఒక్క ప్రశ్న మాకు 11 వారాల ఆట పెట్టింది. ఆ రాజ్యంలో ఆరిపోయిన ప్రతి దీపమూ ఆ కొండ మీద వెలుగుతూ ఉంటుంది. పురిటి గదిలోది, సమాధి మీదది, దొంగ ఉఫ్‌మని ఊదిందీ అన్నీ. ఏ దీపం దగ్గర కూర్చుంటే, అది చివరిసారి వెలిగించిన దృశ్యం కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం కిందికి తెచ్చుకోవచ్చు. తెచ్చేవాడి ఒక చెయ్యి దానికే పోతుంది, ఆ చేత్తో కత్తి పట్టడం కుదరదు. ఇంకో నియమం ఉంది: టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరైనా "ఆరిపోయింది" అన్నారా, దీపం మళ్ళీ కొండ మీదికే. పాత్ర కాదు, మనిషే అన్నా సరే.

ఇక చూడు వాళ్ళ జాగ్రత్త! టీ చల్లారిందని చెప్పడానికి కూడా భయపడ్డారు. ఒకరోజు ఆట మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో ఒకడు "లైటు ఆరి..." అని నోరు మూసుకున్నాడు. సగం మాట లెక్కలోకి వస్తుందా రాదా అని పావుగంట వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పకుండా కొవ్వొత్తి వెతుక్కున్నాను.

ఇలాంటివి మన భాషలో ఎన్ని లేవు! బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. ఒక ఊరి గేటు ఆ మాటను నమ్ముతుందనుకో. "వెళ్తాను" అని దాటినవాడిని మళ్ళీ లోపలికి రానివ్వదు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉండటం నీకు చిన్నప్పుడే తెలుసు. అయితే, చిలుకను చంపడం అందరికీ తెలిసిన దారే కాబట్టి, ఆ చిలుకను ఒక చిన్నపిల్ల పెంచుకుంటోందని రాసి చూడు.

బోనాల గురించి రాయాలనుందన్నావు. ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే విను. అమ్మవారికి హెచ్‌పీ, అంటే పడిపోవడానికి ఎంత దెబ్బ తగలాలో చెప్పే అంకె, రాయకు. హెచ్‌పీ కనిపించిందంటే మనవాళ్ళు కత్తులు తీస్తారు, అది ఈ ఆట స్వభావం. ఆ సాయంత్రం టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకరి ఇంట్లో పొద్దున్నే బోనం ఎత్తి ఉండొచ్చు. నేనూ ఒకసారి ఆ దారిలోనే వెళ్ళి, అమ్మవారిని ఆమె చోటనే వదిలి, కుండను మాత్రం తెచ్చుకున్నాను. ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగంలో, ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది కదా. నా ఆటలో అడవిలో ఒక ముసలామె ఉంది. కాల్చని కుండ ఎక్కితేనే ఆమెకు రేపటి సంగతి తెలుస్తుంది. నియమం చిన్నది. ప్రతి ప్రశ్నకూ ఇరవై ముఖాల డైస్ వేయాలి. మొదటి ప్రశ్నకు 1, 2 పడితే కుండ పగిలిపోతుంది. రెండో ప్రశ్నకు 4 దాకా, మూడోదానికి 6 దాకా. లెక్క వేస్తే, మూడు ప్రశ్నలూ అయ్యేదాకా కుండ నిలిచే అవకాశం సుమారు సగం. ఆ కుండలు చేసే కుమ్మరి చనిపోయాడు, మిగిలింది ఇదొక్కటే. ముందు ఏ ప్రశ్న అడగాలో తేలక ఒక సాయంత్రమంతా గడిచింది. ఆ ముసలామెకు పేరు కూడా పెట్టలేదు నేను.

లెక్కలంటే నీకు చిరాకని తెలుసు. అయినా నీ అగ్నిఖడ్గం సంగతి చెప్పక తప్పదు. రెండు చేతుల కత్తికి రెండు ఆరు ముఖాల డైస్, సగటున 7. మూడో లెవెల్ యోధుడి బలానికి ఇంకో 3. నువ్వు దానికి మాయతో 3 కలిపి, మంట పేరుతో ఇంకో ఆరు డైస్ కలిపావు, అంటే ఇంకో 21. ఒక్క వేటుకు 34. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకంలో ఓగర్ అనే భారీ రాక్షసుడికి 59 హెచ్‌పీ. రెండు వేట్లతో వాడు పోయాడు. నీ స్నేహితుడొకడు హీరో, మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. ఆ మంటను రోజుకు ఒక్కసారికి తగ్గించి, మండినప్పుడల్లా పట్టుకున్నవాడి జ్ఞాపకం ఒకటి కాలిపోతుందని రాస్తే ఎలా ఉంటుంది? లేదా ఆ కత్తి వానలో పనిచేయదని రాయి. జూలైలో హైదరాబాద్ రోడ్డు మీద తిరిగినవాడివి, వాన ఎప్పుడొస్తుందో ఎవడికీ తెలీదని నీకు తెలుసు. ఏం రాసినా, పదిసార్లు డైస్ నువ్వే వేసి చూసుకో. ఒంటరిగా కూర్చుని డైస్ వేసుకోవడానికి సిగ్గుపడకు, మేమందరం అదే చేస్తాం.

భాష గురించి ఒక్క మాట. హెచ్‌పీని "ప్రాణబిందువులు" అన్నావు. చూడ్డానికి బాగుంది. కానీ ట్రోల్ అనే రాక్షసుడు మీద పడుతున్నప్పుడు "నాకింకా ఎన్ని ప్రాణబిందువులున్నాయి?" అని అరిచేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. హెచ్‌పీ అనే ఉంచు. తెలుగు ఎక్కడ కావాలంటే, మనుషుల పేర్లలో, వస్తువుల పేర్లలో, ఎవరెలా మాట్లాడతారన్న దాంట్లో. "నిత్యప్రజ్వలిత మహాదీపస్తంభం" కన్నా "కొండెక్కిన దీపం" నోట్లో తిరుగుతుంది. పేరు నోట్లో తిరగకపోతే రెండో వారానికి వాళ్ళే దానికి ఇంకో పేరు పెడతారు, అది నీకు నచ్చదు.

నలుగురికీ పంచాలని ఉందన్నావు, పంచు. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని, అంటే ఎస్ఆర్‌డీ 5.1ను, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. ఎక్కడి నుంచి తీసుకున్నావో చెప్తే వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ పత్రంలో లేని వాళ్ళ రాక్షసుల జోలికి మాత్రం వెళ్ళకు. నీకు వాటి అవసరం కూడా లేదు.

వచ్చే ఆదివారం నాలుగింటికి మా ఇంటికి రా. ఉస్మానియా బిస్కెట్లు తెప్పిస్తా. రాజుల్ని ఇంట్లో వదిలి, రేవును మాత్రం తీసుకురా, రెండు పేజీలకు మించకుండా. ఆ ఏటికి అవతల ఏముందో, ఆటగాళ్ళు ఎందుకు దాటాలో రాయి. పడవవాడు ఎలా మాట్లాడతాడో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. ఇచ్చిన పేర్లను వాడు ఏం చేసుకుంటాడో కూడా ఆలోచించు, ఎందుకంటే అది ఎవరో ఒకరు అడుగుతారు. మా మేనకోడలు కూడా ఉంటుంది. పడవవాడి పేరే పడవవాడికి ఇస్తే ఏమవుతుందని అది తప్పకుండా అడుగుతుంది. దానికి మాత్రం జవాబు రాసుకుని రాకు.

ఉంటా మరి,
అక్క