రెండు గంటల నిద్ర చాలుతుందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. ఆఫీసు, క్యాబ్ ప్రయాణం పోగా పరీక్షకు చదివే టైం మిగలడం లేదు. ముక్కలుగా పడుకుంటే రోజుకు రెండు గంటలు చాలని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనాండీ?

జవాబు: మీ రూమ్మేట్ చెప్పేది ఉబర్‌మ్యాన్ పద్ధతి అయ్యుంటుంది. నాలుగు గంటలకోసారి 20 నిమిషాల కునుకు, అలా ఆరుసార్లు. డైమాక్సియన్ అనే ఇంకో పద్ధతిలోనూ మొత్తం రెండు గంటలే, కాకపోతే ఆరు గంటలకోసారి అరగంట; అమెరికన్ ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ దీన్ని పాటించానని చెప్పినట్టు 1943లో టైమ్ పత్రిక రాసింది. ఎవ్రీమ్యాన్ అనే మూడో పద్ధతి కాస్త నయం, రాత్రి మూడు గంటలు ఒకే విడత పడుకుని పగలు మూడు కునుకులు తీస్తారు.

కానీ ఒక నిద్ర చక్రానికే (తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర కలిపి ఒక చుట్టు) దాదాపు 90 నిమిషాలు పడుతుంది, 20 నిమిషాలకే అలారం మోగితే గాఢనిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? చదివింది బుర్రలో నిలవాలన్నా నిద్రే కావాలి. ఈ పద్ధతులతో లాభం ఉందనడానికి ఆధారాల్లేవని, పైగా హాని చేస్తాయని అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణుల బృందం 2021లో తేల్చింది. దయచేసి జోలికి వెళ్ళకండి, ముఖ్యంగా బండి నడిపేవాళ్ళైతే.

మన ఊళ్ళల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక నడుం వాల్చడం కూడా రెండు విడతల నిద్రే. మీరూ రాత్రి కనీసం ఏడు గంటలు పడుకుని, సాయంత్రం క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు 20 నిమిషాలు కళ్ళు మూసుకోండి. గదికి చేరాక పుస్తకం పట్టుకునే ఓపిక ఉంటుంది.