రథం దగ్గర రచ్చ

ప్రశ్న: అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చిన మా మనవడు "రథం దగ్గర రచ్చ రచ్చ తాతయ్యా!" అన్నాడండి. కొట్లాటేమైనా జరిగిందేమోనని కంగారుపడ్డాను. తీరా అడిగితే, బ్రహ్మాండంగా జరిగిందని దానర్థమట! రచ్చంటే పరువు బజారున పడడమేనని చిన్నప్పట్నుంచీ విన్నవాణ్ణి. ఈ అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లాణ్ణి సరిదిద్దమంటారా?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: వద్దండి. వాడు తప్పు మాట్లాడలేదు.

సంస్కృతంలో 'రథ్య' అంటే రథం నడిచే వీధి. అది ప్రాకృతంలో 'రచ్ఛా' అయి, మనకి 'రచ్చ'గా వచ్చింది. వీధిలో నలుగురూ కూడే చోటూ రచ్చే అయింది. 'రచ్చబండ'లో ఉన్నది ఆ అర్థమే. తగవులు తీర్చేదీ అక్కడే. అందుకే ఇంటిగుట్టు పదిమంది నోళ్ళలో పడితే 'రచ్చకెక్కింది' అన్నారు. ఆ తర్వాత అల్లరి, గొడవ అనే అర్థాలు వచ్చి చేరాయి. అంటే మీరు చిన్నప్పుడు విన్నదీ ఒకప్పటి కొత్త అర్థమే. కుర్రాళ్ళు ఆ గొడవలోంచి కోపం తీసేసి సందడి మాత్రం ఉంచుకున్నారు. భీష్మ ఏకాదశినాడు రథం కదిలేటప్పుడు ఆ జనం, ఆ గోవింద నామాలు, తాడు అందుకోవాలని పడే తోపులాట ఒక్కసారి తలుచుకోండి. మీవాడు చెప్పింది రథం నడిచిన వీధి సంగతే. వాడికి తెలియకుండానే మాట పుట్టింటికి వెళ్ళొచ్చింది!

వాడుకలో ఒక తేడా గమనించండి. 'రచ్చకెక్కింది', 'రచ్చకీడ్చాడు' అన్నప్పుడు పాత అర్థం చెక్కుచెదరలేదు. "పాట రచ్చ", "పులస పులుసు కత్తి", "ఆట కేక" అన్నట్టు మాట వాక్యం చివర ఒంటరిగా నిలబడితే మాత్రం మెచ్చుకోలు. ఈ కట్టుబాటు వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, అయినా తప్పరు.

చెడ్డమాట మంచిమాట కావడాన్ని అర్థోత్కర్ష అంటారు. 'సభికుడు' ఒకప్పుడు జూదశాల నడిపేవాడు. ఇవాళ సభలో కూర్చున్న పెద్దమనిషి. 'విపరీతం' అంటే తలకిందులైనదని అర్థం. మనం మాత్రం "మనవడంటే విపరీతమైన ప్రేమ" అని హాయిగా అనేస్తున్నాం.

నా బెంగ వేరే ఉంది. కొత్త అర్థం వచ్చినందుకు కాదు, పాతది చీకట్లో పడిపోతున్నందుకు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అంటే ఏమిట్రా అని పదో తరగతి పిల్లవాణ్ణొకణ్ణి అడిగాను. "ముందు ఇంట్లోవాళ్ళతో గెలిచి, తర్వాత బయట గొడవపడి గెలవాలండి" అన్నాడు. మనసు చివుక్కుమంది. వాడి దగ్గర మాట ఉంది, దాని వెనకున్న ఊరు లేదు. మీ ఊళ్ళో రావిచెట్టు కింద పాత అరుగేదైనా మిగిలుంటే, ఈసారి మనవడు వచ్చినప్పుడు అక్కడ కూర్చోబెట్టుకుని ఆ సామెత చెప్పండి.