ఈస్టు ప్రయోగంలో సున్నపుతేట తెల్లబడకపోతే

గ్లూకోజు నీళ్లలో ఈస్టు వేసి గంటసేపు చూసినా సున్నపుతేట తెల్లబడలేదని, మీ అమ్మాయి దిగులు పడిందని రాశారు. నీళ్లు మరిగిన వెంటనే ఈస్టు వేశామన్నారు కదా, పొరపాటు అక్కడే జరిగింది. ఈస్టు ప్రాణమున్న జీవి, ఆ వేడికి చచ్చిపోతుంది. ఇక సున్నపుతేటను తెల్లబరిచే కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

పదో తరగతికి జీవశాస్త్రం చెబుతూ ఈ ప్రయోగం ఏటా చేయిస్తున్నాను. మరిగించడం మాత్రం మానకండి, నీటిలో కరిగిన ఆక్సిజన్ పోవడానికే ఆ పని. తర్వాత కదపకుండా గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. గ్లాసు నీటికి రెండు చెంచాల గ్లూకోజు, చెంచాడు బేకరీ ఈస్టు చాలు. పైన అర అంగుళం మందాన నూనె పోస్తే గాలి లోపలికి చేరదు. బడిలో ద్రవ పారఫిన్ వాడతాం, ఇంట్లో వేరుశనగ నూనె ఫరవాలేదు. సెలైన్ గొట్టం ఒక కొస నూనెకు పైన, రెండో కొస సున్నపుతేటలో ఉండాలి. మూత సందులను మైనంతో మూయండి. ఒక ఏడాది తొందరపడి వేడి మీదే బిగించాను. సీసా చల్లారుతుంటే సున్నపుతేట గొట్టం వెంట వెనక్కి ఎక్కి లోపల పడింది!

తాంబూలం సున్నం నీళ్లలో కలిపి, రాత్రంతా ఉంచి, పైన తేరినది వంచుకోండి. ఎప్పటికప్పుడు తాజాగా చేసుకోవాలి.

సున్నపుతేట పాలలా మారగానే పిల్లలు అవాయు శ్వాసక్రియ, అంటే ఆక్సిజన్ లేకుండా జరిగే శ్వాసక్రియ, రుజువైందంటారు. నేను ఒప్పుకోను. ఆక్సిజన్‌తో జరిగే శ్వాసక్రియలోనూ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా! ద్రావణంలో ముందే కలిపిన జానస్ గ్రీన్ బి రంగు నీలం నుంచి గులాబీకి మారితే అక్కడ ఆక్సిజన్ లేదని తెలుస్తుంది. అది దొరకకపోతే మర్నాడు మూత తీసి వాసన చూపించండి. గ్లూకోజు సగంలో విరిగి ఇథనాల్‌గా మిగిలిన వాసన అది. మా తరగతిలో ఒక గీత కార్మికుడి కూతురు మూత తీయగానే "సార్, కల్లు వాసన!" అంది. తెల్లవారుజామున దించిన తియ్యటి నీరా ఎండెక్కేసరికి నురగ కట్టి ఎలా పులుస్తుందో తనే అందరికీ చెప్పింది. ఆ నురగ, మన సీసాలో బుడగలు ఒకటే.

ఈసారి రెండు సీసాలు పెట్టించండి. ఒకదానిలో కావాలనే మరిగే నీళ్లలో ఈస్టు వేయించండి. పోల్చి చూడటానికి కావలసిన సీసా అదే, మీ అమ్మాయి దాన్ని ముందే చేసి చూసింది.