నల్లరేగడి డొంకకు ఏ టైరు?

ప్రశ్న: మాది గుంటూరు. పెదనందిపాడు వైపు మిర్చి, పత్తి వేస్తాం. నా దగ్గర ఇసుజు వీ-క్రాస్ ఫోర్ వీల్ పికప్ ఉంది, టైరు సైజు 245/70 ఆర్ 16. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి అదే బండిలో చేలకు వెళ్తాను. ఊరిదాకా తారు రోడ్డు, ఆ తర్వాత డొంక. నిరుడు వానల్లో బండి దిగబడితే ట్రాక్టరు కట్టి లాగించాల్సి వచ్చింది. ఇప్పుడు టైర్లు మార్చాలి. మా తమ్ముడు బురద కోసం చేసిన మడ్ టెరైన్ వేయించమంటున్నాడు, సైజు కూడా 265కి పెంచమంటున్నాడు. టైర్ల షాపులో తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ చాలన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: ఆల్ టెరైన్ వేయించండి. సైజు మార్చొద్దు. మీ తమ్ముడి మాటలోనూ నిజం ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. ఆల్ టెరైన్ టైరు బటన్లు, అంటే నేలకు ఆనే రబ్బరు దిమ్మలు, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ సందుల్లో ఇరుక్కున్న మట్టి బయటికి రాదు. కాస్త దూరం పోయేసరికి గాడులన్నీ పూడి టైరు నున్నబడిపోతుంది. వాన పడ్డ చేలో చెప్పులతో నడిచినవాళ్లకు ఇది తెలిసిన అవస్థే. మడ్ టెరైన్‌కు బటన్లు పెద్దవి, మధ్యలో ఖాళీ ఎక్కువ. చక్రం జోరుగా తిరిగితే పట్టిన మట్టిని విసిరేసి, మళ్లీ కొత్త అంచుతో నేలను పట్టుకుంటుంది. బురదలో అదే మెరుగు, అందులో అనుమానం లేదు. కానీ బాగా నానిన రేగడి దాని గాడుల్ని కూడా పూడ్చేస్తుంది. ఆ రోజున ఏ టైరున్నా ట్రాక్టరే దిక్కు.

ఇక మీ బండి ఏడాదంతా ఎక్కడ తిరుగుతుందో చూడండి. మిర్చి కోతలు, కల్లాల పని సాగే జనవరి నుంచి ఏప్రిల్ దాకా డొంక ఎండి బీటలు వారి ఉంటుంది. అప్పుడు మడ్ టైరుతో పనే లేదు. బురద ఉండేది ఆగస్టు నుంచి నవంబరు వరకు, తుపాను వస్తే ఇంకొన్నాళ్లు. ఆ నెలల్లో కూడా రోజూ నడిపే దూరంలో ఎక్కువ భాగం తారు మీదే కదా. పైగా డొంక తడిసిన రోజునే ఆ తారు కూడా తడిసి ఉంటుంది. నా దిగులంతా అక్కడే.

మడ్ టైరు బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ. ఆ పెద్ద బటన్ల మీద సన్నటి చీలికలు కూడా తక్కువే. తడి రోడ్డు మీద పలుచటి నీటి పొరను కోసి పట్టు ఇచ్చేవి ఆ చీలికలే. అందుకే వానలో బ్రేకు కొడితే మడ్ టైర్ల బండి ఇంకొంచెం దూరం పోయి ఆగుతుంది. పికప్‌కు వెనక తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు తక్కువ, అవి తేలిగ్గా జారతాయి. స్కూలు దగ్గర సడన్‌గా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు మీకు కావలసింది తారు మీద పట్టు. డొంకలో దిగబడితే ఒక పూట పోతుంది, అంతే. నేను ఆల్ టెరైన్ అనడానికి అసలు కారణం ఇదే.

మిగతావి దీని తర్వాతే. మడ్ టైరు మోత స్పీడుతో పాటు పెరుగుతుంది, అరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. తారు మీద త్వరగా అరుగుతుంది. ఆటోనగర్‌లో మా షాపుకు వచ్చే మడ్ టైర్ల బండ్లలో చాలావాటికి బటను ఒక అంచు కోసుగా, ఇంకో అంచు గుండ్రంగా అరిగి ఉంటుంది. చేత్తో తడిమితే తెలిసిపోతుంది. రొటేషన్ (ముందు, వెనక టైర్ల చోట్లు మార్చడం) చేయించకుండా తిప్పితే వచ్చే అరుగుదల అది. మీరు ఆల్ టెరైన్ వేయించినా ప్రతి 8,000 కిలోమీటర్లకు రొటేషన్ చేయించండి, అలైన్‌మెంట్ కూడా చూపించండి.

మడ్ టైరులో నాకు నచ్చేది ఒకటుంది, దాని గట్టి పక్కగోడ. పత్తి మోళ్లు, కంది మోళ్లు, డొంక పక్క తుమ్మ ముళ్లు ఉన్నచోట అది చాలా అవసరం. ఆల్ టెరైన్‌లో కూడా పక్కగోడ మూడు పొరలతో వచ్చే రకాలు ఉన్నాయి. అలాంటిదే అడగండి. టైరు భుజం దగ్గర, అంటే పక్కగోడ మొదలయ్యే అంచున, బటన్ల మధ్య సందు వెడల్పుగా ఉందో లేదో కూడా చూసుకోండి, కొన్ని ఆల్ టెరైన్లు పేరుకే ఆల్ టెరైన్.

సైజు సంగతి. 245/70 ఆర్ 16 నుంచి 265/70 ఆర్ 16కి వెళితే టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్ల నుంచి 777కి పెరుగుతుంది. అంటే మీటరు 100 చూపించినప్పుడు బండి నిజానికి దాదాపు 104 మీద ఉంటుంది. బండి స్పీడు అందుకోవడం మందగిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకోవచ్చు. సైజు పక్కనుండే అంకె కూడా చూడండి. 109 అంటే ఒక్కో టైరు 1030 కిలోలు మోస్తుంది, 112 అంటే 1120. మీ పాత టైరు మీదున్న అంకె కంటే తక్కువది ఒప్పుకోవద్దు.

దిగబడకుండా ఉండాలంటే టైరు కంటే ముందు గాలి చూసుకోవాలి. డొంక మొదట్లోనే ఆగి, బండి ఖాళీగా ఉంటే గాలి 20 పీఎస్ఐకి దించండి. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని బరువు పంచుకుంటుంది. బురదలోకి దిగకముందే 4L (ఫోర్ వీల్ లో-రేంజి) వేసుకుని, మధ్యలో ఆపకుండా నింపాదిగా నడపండి. చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కొద్దు, గుంత ఇంకా లోతవుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ బండిలో ఉంచుకోండి. తారు ఎక్కగానే డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీదున్నంత గాలి మళ్లీ నింపాలి. తక్కువ గాలితో హైవే మీద వెళితే టైరు వేడెక్కి పగులుతుంది. ఫోర్ వీల్ కూడా తీసేయండి.

ఇంకొకటి, రోడ్డెక్కేముందు చక్రాలకు పట్టిన మట్టి గడ్డలు దులపండి. అవి రోడ్డు మీద పడితే వెనకొచ్చే బైకులు జారతాయి. రిమ్ము లోపల మట్టి ఎండిపోతే 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది అది బ్యాలెన్సింగ్ లోపమనుకుని షాపుకు వస్తారు.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. బండి రోజంతా గట్ల మీదే తిరుగుతుంది, ఊళ్లోకి వచ్చేది తక్కువ. నాకూ ఆల్ టెరైనేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీకు మడ్ టెరైనే మంచిది. స్పీడు తక్కువ, తడి మట్టి ఎక్కువ, గట్టు మీద పక్కకు జారితే బండి చెరువులోకే. అది ఆ టైరుకు తగిన చోటు. తారు ఎక్కినప్పుడు మాత్రం ముందు బండికి దూరం ఎక్కువ వదలండి.

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటాం. టకోమా ట్రక్కు నడుపుతాను. చలికాలంలో కొండల వైపు వెళ్తుంటాం. మంచుకు మడ్ టెరైన్ మంచిదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కొలరాడో

జవాబు: లోతైన కొత్త మంచులో కొంతవరకు నిజం. రోడ్డు మీద గట్టిపడిన మంచు, ఐసు మీద కాదు. అక్కడ పని చేసేవి సన్నటి చీలికలు, చలికి గట్టిపడని రబ్బరు. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు చూసి ఆల్ టెరైన్ కొనండి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అన్న అక్షరాలు బటన్ల ఆకారాన్ని బట్టి ఇచ్చేవే. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే కొండ గుర్తు ఉంటుంది. మీ రాష్ట్రంలో ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ (చక్రాల పట్టు) నిబంధన ఉంటుంది. దాని ప్రకారం టైరు గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు (3/16), అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు ఉండాలి. సెప్టెంబరు రాకముందే ఒకసారి కొలిపించుకోండి.