పై కోరపన్ను ఇరుక్కుంటే పీకించేయొచ్చా?

మీ పాపకు పదమూడేళ్లు, పై కోరపన్ను అంగిలి వైపు ఇరుక్కుంది, ఆపరేషన్ చేసి గొలుసుతో లాగుతామన్నారు, అంత అవస్థ ఎందుకు, పీకిస్తే పోదా అని అడిగారు. పీకించొద్దండి. నోట్లో అన్నిటికంటే పొడవైన వేరు కోరపన్నుదే, జీవితాంతం ఉండాల్సిన పన్ను అది.

మాది కనిగిరి. మా అమ్మాయికి పాలకోర ఊడనే లేదు. ఇంటికొచ్చిన వాళ్లంతా "అదే వస్తుందిలే" అనేవాళ్లు. ఒంగోలు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే అసలు పన్ను లోపల ఏటవాలుగా పడుకుని, మొన పక్క పన్ను వేరు మీదికి పెట్టి ఉంది. అలాగే వదిలేస్తే ఆ వేరు కరిగిపోవచ్చు, అప్పుడు బాగున్న ముందు పన్ను కూడా పోతుంది.

ముందు క్లిప్పులేసి చోటు చేశారు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లకు పిల్లల పళ్లు గారపట్టి ఉంటాయి కదా, వాటికి క్లిప్పులు సరిగ్గా అంటుకోవు, అంటించినవి మాటిమాటికీ ఊడొచ్చేవి. ఇన్నేళ్లుగా ఈ నీళ్ల గోడు చెప్పుకుంటూనే ఉన్నాం, ఎవరికి పట్టింది?

ఆపరేషన్‌కి అక్కడి వరకే మత్తు ఇచ్చారు. అంగిలి చిగురు కోసి పైకెత్తి, ఎముక కాస్త తీసి, డాక్టరమ్మ నన్ను పిలిచి చూపించారు: ఎర్రటి కండ మధ్య బియ్యపుగింజంత తెల్లటి మొన. దాన్ని ఆరబెట్టి చిన్న గుండీ అంటించి, గుండీకున్న సన్నటి గొలుసు బయటికి తీసి తీగకు కట్టి, చిగురు మూసి కుట్లేశారు. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని నా వేళ్లు పట్టుకునే ఉంది. తర్వాత కొన్నాళ్లు చల్లటి రాగిజావ, పెరుగన్నం. కారం లేకుండా ముద్ద దిగని పిల్ల, పాపం.

ఆ గొలుసును నెలనెలా కొంచెంకొంచెంగా బిగిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే, తొందరపెట్టకండి.

నాకు కోపమొచ్చేది బళ్లలో చెకప్పుల మీద. కళ్లు చూస్తారు, నోరు తెరవమనరు. పదేళ్లప్పుడు పై చిగురు బయటివైపు వేలితో తడిమితే కోరపన్ను ఉబ్బెత్తుగా తగలాలి. తగలకపోతే ఎక్స్‌రే తీయించి, అవసరమైతే పాలకోర పీకిస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అసలుది దారిలో పడుతుంది. ఈ ముక్క బడిలో ఎవరైనా చెప్పొచ్చు కదా!

మీరు సీబీసీటీ స్కాన్ (దవడను, పళ్లను అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ ఎక్స్‌రే) చూపించి డాక్టర్ని రెండే అడగండి: పక్క పన్ను వేరు దెబ్బతిందా, కోరపన్ను ఎముకకు అతుక్కుపోయిందా అని. ఈ వయసులో అతుక్కోవడం అరుదు. ఆ రెండూ లేవంటే ఈ సెలవుల్లోనే చేయించేయండి.